పెట్రోలు ఉన్నా ఆగే ఇంజిన్

ఒకే ఇంజిన్, రెండో నాలుగో సీట్లు ఉండే చిన్న విమానం గాలిలో శక్తి కోల్పోయిందంటే, ఇంజిన్‌లో ఏదో విరిగిపోయి ఉంటుందని వినేవాళ్లు అనుకుంటారు. విరగడాలూ ఉన్నాయి. కానీ ఇంధనం చుట్టూ జరిగే ప్రమాదాల్లో యంత్రం తప్పు చాలా తక్కువ. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2011 నుంచి 2015 వరకు తమ దేశంలో జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2017లో ఒక హెచ్చరిక పత్రం వెలువరించింది. ఇంధన నిర్వహణ సరిగా లేక ఏటా సగటున 50కి పైగా చిన్న విమానాలు ప్రమాదాల పాలయ్యాయని అందులో ఉంది. వాటిలో 95 శాతం ఘటనల్లో మనిషి పొరపాటు కలిసి ఉంది, పరికరాల లోపం 5 శాతమే. 56 శాతం విమానాల్లో ఇంధనం పూర్తిగా అయిపోయింది. 35 శాతం విమానాల్లో మాత్రం ఇంధనం ఉంది, ఇంజిన్‌కు చేరలేదు. ఆ పైలట్లలో దాదాపు సగం మంది వాణిజ్య లైసెన్సో, ఎయిర్‌లైన్ లైసెన్సో ఉన్నవాళ్లు. అనుభవం ఈ తప్పు నుంచి కాపాడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ రెండు పరిస్థితులనూ విమానయానంలో వేరువేరుగా చూస్తారు. మొదటిది ఇంధనం నిండుకోవడం: ట్యాంకులన్నీ ఖాళీ. రెండోది ఇంధనం అందకపోవడం. కుడి రెక్కలో గంటసేపు ఎగరడానికి సరిపడా పెట్రోలు ఉంటుంది, ఇంజిన్ మాత్రం ఎడమ రెక్క ట్యాంకును అడుగంటించి ఆగిపోతుంది. లేదా గొట్టంలోకి నీరు వస్తుంది. లేదా గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటర్ గొంతులో మంచు పేరుకుంటుంది. మొదటిది లెక్క తప్పడం, రెండోది దారి మూసుకుపోవడం. విమానం కింద పడ్డాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. కారణాలు, నివారణలు మాత్రం పూర్తిగా వేరు.

సింగపూర్‌లో చిన్న విమానాల చిరునామా సెలెటార్. ద్వీపం ఈశాన్య భాగంలో బ్రిటిష్ వైమానిక దళం కట్టగా 1928లో సిద్ధమైన స్థావరం ఇది. 1937లో కల్లాంగ్ విమానాశ్రయం తెరుచుకునేదాకా పౌర విమానాలూ ఇక్కడే దిగేవి. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా బయల్దేరిన ఏమీ జాన్సన్ 1930 మే 18న తన జిప్సీ మాత్ విమానాన్ని దించింది ఇక్కడే. ఇప్పుడు ప్రైవేటు జెట్లు, మరమ్మతు కేంద్రాల మధ్య శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. 1971లో జూనియర్ ఫ్లయింగ్ క్లబ్‌గా మొదలైన నేటి సింగపూర్ యూత్ ఫ్లయింగ్ క్లబ్, డైమండ్ డీఏ40 విమానాల మీద కాలేజీ వయసు పిల్లలకు ఎగరడం నేర్పేదీ ఇక్కడే.

రన్‌వే ఒక్కటే, పొడవు 1,836 మీటర్లు. ఈశాన్యం వైపు లేస్తే ఎదురుగా జొహోర్ జలసంధి, దాన్ని దాటగానే మలేషియాలోని పాసిర్ గుడాంగ్ పారిశ్రామిక పట్టణం. నైరుతి వైపు లేస్తే అంతస్తుల ఇళ్లు. దేశమంతా కలిపి తూర్పు పడమరలు సుమారు 50 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు 27. కృష్ణా డెల్టా మీద ఇంజిన్ ఆగిన పైలట్‌కు కోత కోసిన వరిచేలు ఎటు చూసినా కనిపిస్తాయి. సింగపూర్‌లో అలా దిగడానికి పనికొచ్చే చేను లేదు. ఉన్నది సముద్రం, దాని మీద బారులు తీరిన ఓడలు, ఒడ్డున క్రేన్లు. పైగా కొద్ది కిలోమీటర్ల దూరంలో చాంగీ విమానాశ్రయం ఉంది. పెద్ద విమానాల దారులకు అడ్డు రాకుండా చిన్నవి నిర్ణీత ఎత్తులకు, దారులకు కట్టుబడి తిరగాలి. ఎత్తు తక్కువైతే ఇంజిన్ ఆగినప్పుడు ఆలోచించడానికి దొరికే సమయమూ తక్కువే. అందుకే ఇక్కడ ఇంధనం లెక్క నేల మీదే తేలిపోవాలి.

ఆ లెక్క ఎంత కఠినమైనదో చెప్పడానికి ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరి సింగపూర్ గుండా వెళ్లిన అమెరికా వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్ ప్రయాణాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆమె విమానం లాక్‌హీడ్ ఎలక్ట్రాకు రెండు ఇంజిన్లు, నేటి క్లబ్ విమానాల కన్నా పెద్దది. అయినా లెక్క ఒకటే. కల్లాంగ్ విమానాశ్రయం 1937 జూన్ 12న తెరుచుకుంది. జూన్ 20న ఇయర్‌హార్ట్, నావిగేటర్ ఫ్రెడ్ నూనన్ అక్కడ దిగారు. మర్నాడే జావాలోని బాండుంగ్‌కు వెళ్లిపోయారు. అక్కడ పరికరాల మరమ్మతుకు కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. జులై 2న న్యూగినియాలోని లాయే నుంచి పసిఫిక్ నడిమధ్య ఉన్న హౌలాండ్ అనే చిన్న ద్వీపానికి బయల్దేరారు. దూరం సుమారు 4,100 కిలోమీటర్లు.

విమానంలో పోసిన పెట్రోలు సుమారు 1,100 అమెరికన్ గ్యాలన్లు, అంటే 4,100 లీటర్లకు పైనే. ట్యాంకులన్నీ మాత్రం నిండలేదు. అంత బరువుతో లేవడానికి ఇంజిన్లకు 100 ఆక్టేన్ పెట్రోలు కావాలి. ఒక ట్యాంకును దానికోసమే కేటాయించారు. అందులో సగమే ఉంది, లాయేలో దొరికేది తక్కువ ఆక్టేన్ రకం. దాన్ని కలిపితే మంచి పెట్రోలు పాడవుతుంది. కాబట్టి ఆ ట్యాంకును సగంతోనే వదిలేశారు. ప్రయాణంలో ఎప్పుడు ఎంత ఖర్చు చేయాలో లాక్‌హీడ్ ఇంజినీరు కెల్లీ జాన్సన్ అంతకుముందే పట్టిక వేసి ఇచ్చాడు. పైకెక్కాక మొదటి మూడు గంటలు గంటకు 60 గ్యాలన్లు, తర్వాత 51, ఆపైన 43, విమానం తేలికయ్యాక 38. శక్తి తగ్గిస్తూ, పెట్రోలు-గాలి మిశ్రమాన్ని పల్చన చేస్తూ పోతేనే ఆ అంకెలు నిలుస్తాయి. ఎదురుగాలి వస్తే ఇంజిన్ ఖర్చు మారదు, గంటలు పెరుగుతాయి. బయల్దేరిన 19 గంటల తర్వాత, ద్వీపం దగ్గరే ఉన్నామనీ, అది కనిపించడం లేదనీ, పెట్రోలు తగ్గిపోతోందనీ ఆమె రేడియోలో చెప్పింది. మరో గంటకు చివరి సందేశం వచ్చింది. విమానం ఇప్పటికీ దొరకలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 1935 నవంబర్ 8న, ఆస్ట్రేలియా వైమానికుడు చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్, టామీ పెథీబ్రిడ్జ్ అలహాబాద్ నుంచి సింగపూర్‌కు వస్తూ బర్మా తీరం దగ్గర మాయమయ్యారు. వాళ్లది ఒకే ఇంజిన్ విమానం. 1937లో ఒక చక్రం, దాని కాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కారణం తేలలేదు. ఆ కాలపు కథల్లో సాహసం గురించే ఎక్కువ రాశారు. చదివితే అసలు ఆసక్తికరంగా ఉండేవి పెట్రోలు పట్టికలే.

నేటి చిన్న విమానానికి వద్దాం. బాగా వాడుకలో ఉన్న సెస్నా 172 ఎస్ రకంలో రెండు రెక్కల్లో కలిపి 56 అమెరికన్ గ్యాలన్లు పడుతుంది. అందులో వాడుకోగలిగింది 53, సుమారు 200 లీటర్లు. మిగిలిన మూడు గ్యాలన్లు ట్యాంకు అడుగున, గొట్టం మూతికి అందని చోట ఉండిపోతాయి. లెక్కలో వాటిని లేనట్టే చూడాలి. గంటకు 34 లీటర్ల చొప్పున ఖర్చయితే దాదాపు ఆరు గంటలు ఎగరవచ్చు. మిశ్రమాన్ని పల్చన చేయకుండా 42 లీటర్లు తాగనిస్తే ఐదు గంటలకు కూడా రాదు. కరపత్రంలో రాసిన దూరం మిశ్రమాన్ని సరిగా అమర్చిన విమానానిది. మిశ్రమాన్ని మార్చే పిడిని ముట్టుకోవడానికి భయపడే కొత్త పైలట్‌కు ఆ అంకె వర్తించదు.

ట్యాంకు నిండా పోస్తే ఈ గొడవ లేదు కదా అనిపిస్తుంది. లీటరు విమాన పెట్రోలు సుమారు 720 గ్రాములు తూగుతుంది. 200 లీటర్లంటే 144 కిలోలు, ఇద్దరు మనుషుల బరువు. నాలుగు సీట్లున్న విమానంలో నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే నిండు ట్యాంకుతో లేవడానికి సాధారణంగా అనుమతించిన బరువు చాలదు. ఎవరినైనా దించాలి, లేదా పెట్రోలు తగ్గించాలి. తగ్గించిన రోజు నుంచే కచ్చితమైన కొలత అవసరమవుతుంది.

కొలతకు విమానంలో గేజులున్నాయి. వాటిని నమ్మకూడదన్నది ప్రతి శిక్షకుడూ మొదటి వారంలోనే చెప్పే మాట. ట్యాంకు ఖాళీ అయినప్పుడు సున్నా చూపాలన్నదే వాటి మీద ఉన్న ప్రధాన నిబంధన. మధ్యలో ముల్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పాత విమానాల్లో అది లోపల తేలే బెండుకు తగిలించిన తీగ ఆట. అందుకే రెక్క ఎక్కి, మూత తీసి, గీతలు పెట్టిన కర్ర ముంచి చూడటమే అసలు కొలత. ఆ కర్ర ఆ విమానానిదే అయి ఉండాలి. ఒక విమానం కర్రతో ఇంకో విమానం ట్యాంకు కొలిస్తే వచ్చేది అంకెలా కనిపించే ఊహ మాత్రమే. తర్వాత గడియారం. ఎన్ని నిమిషాలు ఎగిరితే ఎంత ఖర్చయిందో కాగితం మీద రాసుకుంటూ, దిగాక పోసిన లీటర్లతో సరిచూసుకుంటే ఆ విమానం నిజంగా ఎంత తాగుతుందో కొన్నాళ్లకు తెలుస్తుంది. కొత్త విమానాల్లో పారే పెట్రోలును లెక్కించే డిజిటల్ పరికరాలు బాగా పనిచేస్తాయి. కానీ మొదట ఎంత ఉందో వాటికి మనిషే చెప్పాలి. తప్పు చెబితే ఆ తప్పును దశాంశ స్థానాలతో సహా చూపిస్తాయి.

సింగపూర్ లాంటి చోట ఇంకో చిక్కు కొలమానాలది. పోసేవాళ్లు లీటర్లలో పోస్తారు, అమెరికాలో తయారైన విమానం పుస్తకం గ్యాలన్లలో మాట్లాడుతుంది, బరువు పట్టిక పౌండ్లలోనో కిలోల్లోనో ఉంటుంది. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. ఈ మార్పిడిలో పెద్ద కంపెనీలే తప్పు చేశాయి. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి 0.8 దగ్గర ఉండాల్సిన అంకెకు బదులు పౌండ్లకు వాడే 1.77తో గుణించారు. కావాల్సిన దానిలో సగం కన్నా తక్కువ ఇంధనంతో లేచిన ఆ విమానం, రెండు ఇంజిన్లూ ఆగిపోయి, గిమ్లీ అనే ఊరి పాత రన్‌వే మీద జారుకుంటూ దిగింది. ప్రాణనష్టం జరగలేదు.

ఇంధనం ఉండీ అందకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ట్యాంకు మార్చే పిడి. సెస్నా లాంటి పై రెక్క విమానాల్లో పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. పిడికి ఎడమ, కుడి, రెండూ అనే మూడు స్థానాలుంటాయి. రెండూ అన్నదాని మీద ఉంచితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కింది రెక్క విమానాల్లో పెట్రోలును పంపు లాగాలి. ఒక ట్యాంకు ఖాళీ అయితే పంపు పెట్రోలుకు బదులు గాలి పీలుస్తుంది. అందువల్ల వాటిలో రెండూ అనే స్థానం సాధారణంగా ఉండదు. పైపర్ వారియర్, పెట్రోలుతో నడిచే డీఏ40 ఇలాంటివే. పైలటే అరగంటకోసారి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మార్చుకోవాలి. రేడియోలో చాంగీ వాళ్లతో మాట్లాడుతూనో, ముందు ఉరుముతున్న మబ్బును చూస్తూనో ఆ అరగంట మర్చిపోతే, నిండు ట్యాంకు పక్కనే ఉండగా ఇంజిన్ దగ్గడం మొదలుపెడుతుంది. మార్చి, పంపు వేసి, కొన్ని క్షణాలు ఆగితే మళ్లీ అందుకుంటుంది. 3,000 అడుగుల్లో ఇది చిన్న భయం. 500 అడుగుల్లో ఆ కొన్ని క్షణాలు ఉండవు. దిగబోయే ముందు ఎక్కువ పెట్రోలున్న ట్యాంకుకు మార్చుకోవాలన్న నియమం అందుకే పుట్టింది. లేవబోయే ముందు చివరి నిమిషంలో ట్యాంకు మార్చవద్దన్న నియమానికీ కారణం అదే. మారిన ట్యాంకు నుంచి పెట్రోలు సరిగా వస్తోందో లేదో నేల మీదే, ఇంజిన్‌ను కాసేపు నడిపి తెలుసుకోవాలి.

పిడి ఎక్కడుందన్నది కూడా ముఖ్యమేనని 1997 అక్టోబర్ 12న అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ మరణం చూపించింది. అతను కొత్తగా కొన్న లాంగ్ ఈజెడ్ అనే విమానాన్ని ఒకరు ఇంట్లో తయారు చేశారు. మూల నమూనాలో ముందు ఉండాల్సిన పిడిని తయారీదారు పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. పెట్రోలు మట్టం చూపే గాజు గొట్టాలూ వెనకే, వాటి మీద గీతలు లేవు. వాటిని చూసుకోవడానికి ఒక మెకానిక్ డెన్వర్‌కు చిన్న అద్దం ఇచ్చాడు. పెట్రోలు పోయమంటారా అంటే, గంటసేపే కదా అని అతను వద్దన్నాడు. గాలిలో పిడి తిప్పడానికి వెనక్కి తిరిగే ప్రయత్నంలో కుడి కాలు చుక్కాని పెడల్‌ను నొక్కేసిందనీ, విమానం అదుపు తప్పి మాంటెరే అఖాతంలో పడిందనీ దర్యాప్తు తేల్చింది. పెట్రోలు పోయించుకోకపోవడాన్నీ, పిడి ఉన్న చోటునూ, కొత్త విమానానికి తగిన శిక్షణ లేకపోవడాన్నీ నివేదిక కారణాల జాబితాలో చేర్చింది.

పోసిన పెట్రోలు అసలు పెట్రోలేనా అన్నది మరో ప్రశ్న. సెలెటార్‌లో జెట్లు, చిన్న పిస్టన్ విమానాలు పక్కపక్కనే ఆగుతాయి. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిది, లేత గడ్డి రంగు లేదా రంగే ఉండదు. సీసం తక్కువ కలిపిన 100 ఆక్టేన్ విమాన పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు. పొరపాటున పిస్టన్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పోస్తే నేల మీద నడిచేటప్పుడు గొట్టాల్లో మిగిలిన మంచి పెట్రోలుతో బాగానే నడుస్తుంది. పూర్తి శక్తితో లేచాక సిలిండర్లలో అదుపు లేకుండా పేలి ఇంజిన్ చచ్చిపోతుంది. 1978లో విమాన విన్యాసాలకు పేరుమోసిన బాబ్ హూవర్ విమానం ఇలాగే లేచిన వెంటనే కూలింది, లోపలి వాళ్లు బతికారు. ఆ తర్వాత జెట్ ఇంధనం గొట్టం మూతిని వెడల్పుగా, నొక్కినట్టుగా చేసి, చిన్న విమానాల ట్యాంకు రంధ్రంలో దూరకుండా చేశారు. ఆ మూతికి హూవర్ పేరే నిలిచింది. ఇటీవలి డీజిల్ రకం ఇంజిన్లున్న చిన్న విమానాలు జెట్ ఇంధనంతోనే నడుస్తాయి. కాబట్టి విమానం చిన్నది కదా, పెట్రోలే పోయాలి అనుకోవడమూ ఇప్పుడు తప్పే.

నీటి సంగతి సింగపూర్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏడాదికి 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోటు ఇది. ఆరుబయట నిలిపిన విమానం ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలితే వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ గాలి రాత్రి చల్లబడి గోడలకు చెమ్మ పడుతుంది. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది, ఇంజిన్‌కు వెళ్లే గొట్టమూ అడుగునే ఉంటుంది. రోజూ ఎగరబోయే ముందు ప్రతి ట్యాంకు అడుగు కుళాయి నుంచి గాజు గ్లాసులోకి కొంచెం వంపి చూడటం ఇందుకే. నీలిరంగు కింద రంగులేని పొర కనిపిస్తే అది పోయేదాకా వంపాలి. గ్లాసంతా ఒకే రంగులో, నీలం ఛాయ లేకుండా ఉంటే వచ్చిందంతా నీరే కావచ్చు. తొందరలో ఉన్న కంటికి అది శుభ్రమైన పెట్రోలులాగే కనిపిస్తుంది.

వీటన్నిటిలో నమ్మశక్యం కానిది మంచు. ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 24 నుంచి 32 డిగ్రీల మధ్య తిరిగే ఊళ్లో ఇంజిన్ గొంతులో మంచు గడ్డకడుతుంది. కార్బురేటర్‌లో గాలి ఇరుకు సందులోంచి వేగంగా పోతుంది. ఒత్తిడి పడిపోయి అక్కడే పెట్రోలు ఆవిరవుతుంది. వేసవిలో మట్టి కూజా నీళ్లు చల్లబడే సూత్రమే ఇది, కాకపోతే పెట్రోలు నీటికన్నా చాలా త్వరగా ఆవిరవుతుంది. ఆ సందులో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడిపోగలదు. బయట 25 ఉంటే లోపల సున్నా కన్నా కింద. తేమ లేని గాలి అయితే ఏమీ కాదు. సింగపూర్‌లో తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటడం మామూలే. ఆ తేమ, ఇంజిన్‌కు వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ రేకు చుట్టూ మంచై పేరుకుంటుంది, గాలి దారి సన్నబడుతుంది, ఇంజిన్ మెల్లగా నీరసిస్తుంది. పైలట్లు వాడే పటంలో ఉష్ణోగ్రత, తుషార బిందువు (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) గీతలు కలిసే చోటును చూస్తే, 25 డిగ్రీల తేమ గాలి దిగేటప్పటి తక్కువ శక్తి దగ్గర తీవ్రమైన మంచుకు అనువైన భాగంలో పడుతుంది. చలిదేశాల్లో గడ్డకట్టే శీతాకాలపు గాలి దీనికన్నా నయం. అందులో తేమే ఉండదు.

రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ ఉన్న విమానంలో మొదటి గుర్తు ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల లెక్క కొద్దికొద్దిగా తగ్గడం. పైలట్ తెలియకుండానే థ్రాటిల్ కాస్త ముందుకు నెడతాడు. కాసేపటికి మళ్లీ. ఆ తర్వాత దిగడానికి థ్రాటిల్ వెనక్కి లాగగానే రేకు మూసుకుని, చుట్టూ ఉన్న మంచు మిగతా సందునూ పూడ్చేస్తుంది. విరుగుడు కార్బురేటర్ హీట్ అనే పిడి. దాన్ని లాగితే పొగగొట్టం చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే లాగిన వెంటనే ఇంజిన్ బాగుపడదు, ఇంకా పాడవుతుంది. వేడిగాలి పల్చన కాబట్టి శక్తి తగ్గుతుంది, కరిగిన మంచు నీరై సిలిండర్లలోకి పోయి ఇంజిన్ దగ్గుతుంది. ఇది చూసి భయపడి పిడిని మళ్లీ లోపలికి నెట్టేస్తే చేజేతులా మంచును కాపాడినట్టే. అర నిమిషమో నిమిషమో ఓర్చుకోవాలి. పెట్రోలును నేరుగా సిలిండర్ దగ్గర చిమ్మే ఇంజెక్షన్ ఇంజిన్లకు ఈ బాధ లేదు. వాటి బాధ వేరు. ఎండలో నిలిపిన వేడి ఇంజిన్‌ను మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సన్నని గొట్టాల్లో పెట్రోలు ఆవిరై బుడగలు అడ్డుపడతాయి.

వేడి గాలి మామూలుగానే కొంత శక్తిని తినేస్తుంది. సెలెటార్ సముద్ర మట్టానికి దగ్గర్లోనే ఉన్నా 32 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 2,000 అడుగుల ఎత్తులో ఉండే గాలంత పల్చన. సుమారు 530 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్ బేగంపేటలో 42 డిగ్రీల ఎండలో అది 5,000 అడుగులు దాటుతుంది. ఇది లోపం కాదు, ముందే లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి.

లెక్కలో చివరి భాగం రిజర్వు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం కంటిచూపుతో ఎగిరే చిన్న విమానం గమ్యం చేరాక పగలైతే ఇంకా 30 నిమిషాలకు, రాత్రయితే 45 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలి. సింగపూర్ వాతావరణానికి ఇది కనీసం మాత్రమే. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా మలక్కా జలసంధి మీదుగా సుమత్రా ఈదురుగాలులు వరసకట్టిన ఉరుముల మబ్బులతో, ఎక్కువగా తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నంలోపు, పడమటి నుంచి వచ్చి పడతాయి. గంటో రెండు గంటలో కురిసి పోతాయి. సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని మలక్కా నుంచి గంట ప్రయాణం చేసి వచ్చిన పైలట్‌కు సెలెటార్ మూసుకుపోయి ఉంటే, పక్కనున్న జొహోర్ సెనాయికో, ఇండోనేషియాలోని బాటమ్‌కో పోవాలి. రెండూ దగ్గరే, కానీ రెండూ పరదేశాలు. అనుమతులు, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ గుర్తొచ్చి ఇంకాసేపు గిరగిరా తిరుగుదాం అనిపిస్తుంది. 30 నిమిషాల రిజర్వు కరిగేది ఆ తిరుగుడులోనే.

ఇంజిన్ నిజంగానే శక్తి కోల్పోతే ముందు చేయాల్సింది ముక్కు దించి, ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారే గ్లైడ్ వేగం పట్టడం. సెస్నా 172 ఎస్‌కు అది 68 నాట్లు. ఆ వేగంతో ప్రతి 1,000 అడుగులకు సుమారు రెండు ముప్పావు కిలోమీటర్లు పోతుంది. దిగే చోటు ఎంచుకున్నాకే ట్యాంకు మార్చడం, పంపు, మిశ్రమం, కార్బురేటర్ హీట్, సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు వరసగా చూడటం. రేడియోలో మేడే అనే ఆపద సందేశం ఆ తర్వాత. సెలెటార్ నుంచి లేచిన వెంటనే ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలన్న కోరిక బలంగా ఉంటుంది. తక్కువ ఎత్తులో అలా తిరిగేటప్పుడు వేగం పడిపోయి, విమానం గాలి పట్టు కోల్పోయి ముక్కు మీద పడుతుంది. ముందున్న జలసంధిలో అదుపులో ఉన్న విమానాన్ని దించడమే మేలు. నీటిలో దిగేవాళ్లు తలుపు గొళ్లెం ముందే తీసి ఉంచుకోవాలి, లేకపోతే తగిలిన దెబ్బకు చట్రం వంగి తలుపు బిగుసుకుంటుంది. లైఫ్ జాకెట్ వేసుకునే ఎగరాలి గానీ, బయటికి వచ్చాకే గాలి నింపుకోవాలి. లోపలే ఉబ్బితే అది మనిషిని పైకప్పుకు అంటించేస్తుంది.

పూర్తిగా ఆగిన ఇంజిన్ కన్నా సగం చచ్చిన ఇంజిన్ ప్రమాదకరం. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2000 నుంచి 2010 వరకు లెక్కలు చూసింది. ఒకే ఇంజిన్ విమానాలు లేచిన వెంటనే శక్తిలో కొంత భాగం కోల్పోయిన ఘటనలు 242, ఇంజిన్ పూర్తిగా ఆగినవి 75. మొదటి రకంలో తొమ్మిదింట్లో ప్రాణాలు పోయాయి, రెండో రకంలో ఒక్కటీ లేదు. పూర్తిగా ఆగితే చేయాల్సింది ఒక్కటే, దిగడం. కాస్త శక్తి మిగిలితే తిరిగి వెళ్లిపోవచ్చన్న ఆశ పుడుతుంది, తిరిగేటప్పుడు ఆ కాస్తా పోతుంది. అందుకే లేచే ముందే, రన్‌వే మీద నిలబడి, ఎంత ఎత్తులోపు అయితే ఎటు దిగాలో పైకి చెప్పుకోవడం శిక్షణలో భాగమైంది.

సింగపూర్‌లో ఇలాంటి ఘటనలను 2016లో ఏర్పడిన రవాణా భద్రతా దర్యాప్తు విభాగం చూస్తుంది. దాని పని కారణం తేల్చడమే, ఎవరినీ దోషిగా నిలబెట్టడం కాదు. దర్యాప్తులో మొదట చూసేది ప్రతి ట్యాంకులో, గొట్టంలో ఎంత పెట్రోలు మిగిలిందో, ట్యాంకు పిడి ఎటు తిరిగి ఉందో, ప్రొపెల్లర్ రెక్కలు ఎలా వంగాయో. వంపును బట్టి తగిలే క్షణంలో ఇంజిన్ తిరుగుతోందో లేదో చెప్పవచ్చు. పెట్రోలు నమూనాను ప్రయోగశాలకు పంపి నీరు, కల్తీ చూస్తారు. మంచుకు మాత్రం ఆనవాళ్లు మిగలవు, మనుషులు చేరేలోపు కరిగిపోతుంది. అప్పుడు ఆ గంటలో విమానాశ్రయం నమోదు చేసిన ఉష్ణోగ్రతనూ తుషార బిందువునూ పటం మీద పెట్టి చూస్తారు, మిగతా కారణాలన్నీ కొట్టేశాక నివేదికలో మంచును ‘బహుశా’ అన్న మాటతో నమోదు చేస్తారు.